కృత్తికలను చూద్దాం రండి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఏ. బకాయిల సంగతి పెద్దలు వివరంగా చెప్పారు. నన్ను ఆకాశం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

కార్తీకమాసానికి పేరిచ్చిన కృత్తికలు మీకు తెలిసినవే. మా పల్లెలో పిల్లలకోడి అనేవారు. చిన్నతనంలో ఆరుబయట మంచం మీద పడుకుని ఆరు చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. రిటైరయ్యాక చూస్తే అక్కడ ఒక మసక మరక మాత్రమే కనిపించింది. కంట్లో శుక్లాలన్నారు డాక్టరుగారు. ఆపరేషనంటే భయపడి రెండేళ్లు వాయిదా వేశాను. చివరికి మన సంఘ మిత్రులొకరు ఇంటికొచ్చి, కోప్పడి, దగ్గరుండి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆ చుక్కలు మళ్లీ ఆరయ్యాయి.

ఆ సంతోషంలో మా అబ్బాయి 3 అంగుళాల టెలిస్కోపు కొని తెచ్చాడు. దాని నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. మొదటి రాత్రి 4 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టాను. అంటే 175 రెట్లు పెద్దదిగా చూడటం. తీరా చూస్తే వణుకుతూ ఒకటి రెండు చుక్కలే! "ఉన్న ఆరూ పోగొట్టారా?" అంది మా ఆవిడ. తర్వాత 25 మిల్లీమీటర్లది పెట్టాను. 28 రెట్లే. అప్పుడు చూడాలి, ముగ్గు చల్లినట్టు పదుల కొద్దీ తెల్లని చుక్కలు!

కారణం చిన్నదే. కృత్తికలు రెండు మూడు పూర్ణచంద్రులను పక్కపక్కన పెట్టినంత మేర పరచుకుని ఉంటాయి. మరీ పెద్దది చేసి చూస్తే ఒక్కొక్క నక్షత్రం దొరుకుతుంది గాని గుంపు దొరకదు.

1610లో గెలీలియో తన టెలిస్కోపుతో చూసి, పటంలో 36 నక్షత్రాలు గీశాడు. నిజానికి ఆ గుంపులో వెయ్యికి పైగా ఉన్నాయని నేటి శాస్త్రజ్ఞులు చెబుతారు. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు. ఈనాడు మన కంటిని చేరే ఆ వెలుగు బయలుదేరినప్పుడు లోకంలో టెలిస్కోపే లేదు!

అవన్నీ ఒకే వాయు మేఘంలో, సుమారు 10 కోట్ల సంవత్సరాల క్రితం పుట్టిన తోబుట్టువులు. వాటిని కలిపి ఉంచే ఆకర్షణ గట్టిది కాదు. మరో 25 కోట్ల సంవత్సరాలకు చెదిరిపోతాయని అంచనా.

మీరూ చూడండి. సంక్రాంతి రోజుల్లో రాత్రి 8 గంటలకు దాదాపు నడినెత్తిన ఉంటాయి. వెన్నెల లేని రాత్రి మేలు. టెలిస్కోపు లేకపోతే బైనాక్యులర్స్ చాలు. మెడ నొప్పి పుట్టకుండా పడకకుర్చీలో వాలి చూడండి. పగటిపూట మాత్రం సూర్యుడి వైపు ఎన్నడూ తిప్పవద్దు, పిల్లలను తిప్పనివ్వవద్దు.

ఒక్క మనవి. మన గుంపూ వదులుదే. ఉద్యోగం కలిపింది, పదవీ విరమణ తలో వైపు పంపింది. నెలనెలా సమావేశానికి రాని సభ్యుడి ఇంటికి ఒకసారి వెళ్లి రండి. అలా ఒకరు మా ఇంటికి రాబట్టే నేనివాళ ఆరు చుక్కలూ లెక్కపెట్టగలుగుతున్నాను.