కథల పుస్తకము – ఇంగ్లీషు వ్యాకరణము
(తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాను. నేను చాలా ఏండ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడిని. ఒకనాటి సాయంత్రం మా అమ్మాయి ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకం చదువుకొంటూ తనలో తాను నవ్వుకొంటున్నది. పరీక్షలు దగ్గరపడ్డాయన్న కోపంతో ఆ పుస్తకం లాక్కొని, గ్రామరు పుస్తకం చేతిలో పెట్టాను. సూత్రాలన్నీ అప్పజెప్పింది, మార్కులూ వచ్చాయి. కాని ఇంటికి వచ్చిన అతిథిని ‘డిడ్ యూ కేమ్ బై బస్?’ అని అడిగింది. ‘డిడ్’ తర్వాత క్రియ మొదటి రూపంలో ఉండాలన్న సూత్రం ఆమెకు కంఠతా వచ్చు! సూత్రం నోట ఉన్నది గాని, భాష చెవిలో లేదు.

ఆలోచించండి. ‘బడికి వెళ్ళాను’ అనాలని మన పిల్లలకు ఎవరు నేర్పారు? విభక్తుల పేర్లు తెలియక ముందే అమ్మమ్మ కథలు, వీధిలో ఆటలు నేర్పాయి. ఇంగ్లీషు నేర్పే అటువంటి అమ్మమ్మ మన ఇండ్లలో చాలామందికి లేదు. ఆ లోటు కొంతవరకు తీర్చగలిగినది కథల పుస్తకమే.

‘ఎ’, ‘ది’ అనే చిన్న మాటల దగ్గర మనవాళ్ళు తరచు తడబడతారు. కథలో కుక్క మొదటిసారి వచ్చినప్పుడు ‘ఎ డాగ్’, తర్వాత ‘ది డాగ్’. మనము ‘ఒక రాజు’ అని మొదలుపెట్టి ‘ఆ రాజు’ అన్నట్లే. ఇది కథ కథలోను కనబడుతుంది. చదవగా చదవగా, సూత్రం చెప్పలేని పిల్లవానికి కూడ తప్పు చెవికి గుచ్చుకొంటుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఫిజీ దీవులకు 1903 నుండి మన తెలుగువారు కూడ చెరకు తోటల కూలికి వెళ్ళారు. ఆ దేశపు పల్లెటూరి బడులలో 1980లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయత్నం చేశారు. 8 బడులలో 4, 5 తరగతుల గదులకు 250 చొప్పున ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చారు. మరి 4 బడులలో పాత పద్ధతిలోనే పాఠాలు సాగాయి. 8 నెలల తర్వాత చూస్తే, కథలు చదివినవారు చదివి, విని గ్రహించడంలో మామూలుకు రెండింతల వేగంతో ముందుకు వెళ్ళారు. 20 నెలలకు ఆ మేలు ఇతర ఇంగ్లీషు నైపుణ్యాలకూ ప్రాకింది.

అయితే గ్రామరు పుస్తకం పారవేయమని నేను చెప్పడం లేదు. పరీక్షకు అదీ కావాలి. రోజుకు పావుగంట మాత్రం పిల్లలను తమకు నచ్చిన కథ చదువుకోనివ్వండి. పుటకు నాలుగైదు మాటలకు మించి తెలియకపోతే అంతకంటె తేలిక పుస్తకం ఇవ్వండి. చదివిన తర్వాత ప్రశ్నలు వేయవద్దు. ప్రశ్న వేస్తే అది మళ్ళీ పాఠమవుతుంది. కొనలేనివారు నలుగురు కలిసి పుస్తకాలు మార్చుకోవచ్చు. ఇంగ్లీషు రాని తల్లులు కూడ పక్కన కూర్చుండి, కథ తెలుగులో చెప్పించుకొని వినవచ్చు.

మా అమ్మాయికి ఆ పుస్తకం తిరిగి ఇచ్చాను. కాని ఆ నవ్వు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. మీ ఇంట అటువంటి నవ్వు వినిపిస్తే, దయచేసి ఆపవద్దని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాను.