బాగుపడే గాలి ముందు ఎవరికి?

(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు బండ్లు వస్తే నగరంలో గాలి బాగుపడుతుందంటున్నారు. నిజమే. పెట్రోలు, డీజిలు బండ్ల గొట్టంలోంచి వచ్చే పొగ వీటికి ఉండదు. నా ప్రశ్న వేరు. బాగుపడే ఆ గాలి ముందు ఎవరికి అందుతుంది?

పొగలోని అతి సన్నటి కణాలను పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉంటాయి. ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తాయి. ఆస్తమా, గుండెజబ్బు, పక్షవాతం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ, వీటన్నిటితోనూ వాటికి సంబంధం ఉందని పరిశోధనలు తేల్చాయి. ఏడాది సగటు ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మనదేశం 2009లో పెట్టుకున్న పరిమితి 40.

హైదరాబాదు రోడ్లు ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లటి గాలి ఉంటే, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా లారీలు వదిలిన పొగ పైకి లేవదు. సరిగ్గా ఆ వేళకే వీళ్లు చీపురు పడతారు. కరెంటు బండికి పొగ లేదుగాని, టైర్లు అరిగి రాలే పొడి, రోడ్డు మీంచి లేచే మట్టి దానికీ ఉన్నాయి. చీపురు ముందు లేచేది ఆ దుమ్మే. నా పరిశోధనలో కలిసిన ఒకామె ఇంకో సంగతి అడిగింది. చీకట్లో వంగి ఊడుస్తున్నప్పుడు బండి చప్పుడు విని పక్కకు తప్పుకుంటామే, చప్పుడు లేని బండి వస్తే ఎలా అని. ఇంజనీర్లు ఆలోచించే ఉంటారు. ఆమెనైతే ఎవరూ అడగలేదు.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది. 2026 డిసెంబరు ఆఖరు దాకా గడువు. బస్సులు, ఆటోలు, స్కూటర్లతో పాటు సొంత కార్లకూ ఇది వర్తించింది. వదులుకున్న పన్ను కూడా ప్రజల డబ్బే కదా! అద్దాలెత్తుకుని ఏసీలో పోయేవాళ్లకు మాఫీ, స్టాపులో గంటసేపు నిలబడేవాళ్లకు పొగ. 2023 డిసెంబరు 9 నుంచి ఇక్కడ స్త్రీలకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. టికెట్ లేదు సరే, బస్సేదీ?

సుభాష్ కుమార్ కేసులో 1991లోనే సుప్రీంకోర్టు మంచి గాలి, మంచి నీరు జీవించే హక్కులో భాగమంది. 1998లో ఢిల్లీ బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చాలని ఆదేశించింది. బస్సుల సంఖ్యను 2001 ఏప్రిల్‌కి పదివేలకు పెంచమని కూడా అదే ఆదేశంలో ఉంది. ఆలస్యంగానైనా ఇంధనం మారింది. బస్సులు మాత్రం ఆ గడువుకి పదివేలు కాలేదు. ఈ రెండో సగాన్ని ఎవరూ గుర్తు చెయ్యరు, నడిచేవాళ్లు తప్ప.

కేంద్రం 2025లో పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాదుకు 2,000 కరెంటు బస్సులు కేటాయించింది. అవి పాత బస్సుల స్థానంలో వస్తాయా, అదనంగానా? ముందు ఏ రూట్లో తిరుగుతాయి, ఐటీ కారిడార్లోనా, బస్తీల మీదుగానా? ఊడ్చేవాళ్లు పనికి వెళ్లే వేళకి ఒక్కటైనా ఉంటుందా? ఈ లెక్క రాతపూర్వకంగా కావాలని మనం అడగాలి.

ఇంకొకటి. మనకొచ్చే కరెంటులో పెద్ద భాగం ఇప్పటికీ బొగ్గుదే. రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రం 1983 నుంచి నడుస్తోంది. అలాగని డీజిలే మేలని నేననడం లేదు. ఇక్కడ తగ్గిన పొగలో కొంత అక్కడ చిమ్నీలోంచి వస్తుందంటున్నాను. రామగుండం నుంచి వచ్చిన మిత్రులు సభలో ఉన్నారు. బూడిద సంగతి వాళ్లు చెబుతారు, మైకు వాళ్లకిస్తున్నాను.