ఎగ్జిబిషను ప్రయాణము: తక్కువ ఖర్చుతో, ఎక్కువ మందితో

(హనుమాన్ జంక్షన్‌లో పరిసర గ్రామ పంచాయతీల సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంక్రాంతి దగ్గరపడుచున్న కొలది మన పంచాయతీ కార్యాలయములలో ఒక ప్రశ్న తప్పక వినవచ్చును: "ఈ యేడు హైదరాబాదు ఎగ్జిబిషనుకు పోవుచున్నామా, లేదా?" ఈ కోరికలో తప్పేమియు లేదు. ఏడాది పొడవునను కుళాయిలు, మురుగు కాల్వలు, వీధి దీపములు, ఇంటి పన్నుల తగవులతో సతమతమగు సభ్యులకు ఒకటి రెండు దినముల వినోదము అవసరమే. రంగుల రాట్నమెక్కి నవ్వుకొనిన సర్పంచి గౌరవమునకు లోపమేమియు రాదు. అయితే ఆ ప్రయాణము ఎంత ఖర్చుతో, ఎవరెవరిని వెంటబెట్టుకొని చేయవలెనన్నదే నేడు మేము మీ యెదుట ఉంచదలచిన విషయము.

మొదట మన కాలమానమును చూడుడు. నూజివీడు తోటల ప్రాంతమున పుష్య మాఘములు చేతిలో సొమ్మాడని నెలలు. తోటలన్నియు పూతమీద నుండును. తేనెమంచు పురుగునకు మందు చల్లించుటకు సొమ్ము బయటికి పోవుటయే గాని లోపలికి వచ్చుట లేదు. కాయ కోతకు వచ్చి బంగినపల్లి, రసాలు బండి కెక్కవలెనన్న మరి మూడు నాలుగు నెలలు ఆగవలయును. తోటపని చేసుకొను కూలివారికిని ఇది పని తక్కువగా నుండు కాలమే. సరిగా అట్టి సమయముననే, ప్రతి యేడు జనవరి మొదటి దినములనుండి ఫిబ్రవరి నడిమి వరకు, నాంపల్లిలో ఎగ్జిబిషను జరుగును. కొందరు అప్పు చేసియైనను పోవుదురు. అప్పు పుట్టనివారు ఇంటనే యుందురు.

ఈ ఎగ్జిబిషను పుట్టుక మన చర్చకు మిక్కిలి తగినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందరు పూనుకొని, పబ్లిక్ గార్డెన్సులో సుమారు నూరు దుకాణములతో పది దినముల ప్రదర్శన నేర్పాటు చేసిరి. నాటి పెట్టుబడి రెండున్నర రూపాయలని చెప్పుదురు. 1946లో అది నేటి నాంపల్లి మైదానమునకు మారినది. నడుమ రెండేండ్లు ఆగి, 1949లో గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారి చేతులమీదుగా మరల తెరువబడి, అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అను పేరు పొందినది. అచ్చట వచ్చు ఆదాయముతో ఎగ్జిబిషన్ సొసైటీవారు బాలికల కళాశాలలు మొదలగు విద్యాసంస్థలను నడుపుచున్నారు. రెండున్నర రూపాయలతో మొదలిడిన వారి ప్రదర్శనను చూచుటకు మనము వేలు వెచ్చించి పోవుట కొంత వింతగనే యున్నది.

మా పంచాయతీ చేసిన తప్పును ముందుగా చెప్పుకొందుము. మొదటిసారి వెళ్ళినపుడు మేమొక వ్యానును బాడుగకు మాట్లాడుకొంటిమి. బాడుగ, డ్రైవరు బత్తా, రహదారి మీది టోలు రుసుములు, రెండు పూటల హోటలు భోజనములు, ఒక రాత్రి లాడ్జి అన్నియు కలిపి తలకు మూడు వేల పైచిలుకు పడినది. వ్యానులో పండ్రెండు సీట్లుండగా ఎక్కినవారు ఎనమండుగురు. ఆ యెనమండుగురును తోటలో, పొలములో, వ్యాపారములో కలవారే. తక్కిన వార్డు సభ్యులను మేము పిలువకపోలేదు. "మీరును రండు" అంటిమి. "తలకు మూడు వేలు" అనియు ఆ వెంటనే అంటిమి. ఆ రెండవ మాటతో మొదటి మాట రద్దయినదని అప్పుడు మాకు తోచలేదు.

తిరిగివచ్చిన తరువాతి సమావేశమున మేము చూచిన వింతలను ఉత్సాహముగా వర్ణించుచుండగా, తోటపనికి పోవు ఒక వార్డు సభ్యురాలు లేచి, "సర్పంచిగారూ, పంచాయతీ పోయి వచ్చిందంటున్నారు. పోయింది పంచాయతీ కాదండి, వ్యాను" అని కూర్చుండెను. ఎవరును నవ్వలేదు. ఆమె మాటకు బదులు చెప్పుటకు మా వద్ద నేమియు లేకపోయెను. నాటినుండియు ఖర్చు తగ్గించుట మాకు సొంత జేబుల సంగతిగా గాక, ఎవరెవరు రాగలరు అను సంగతిగా కనిపించినది.

"అయినచో పంచాయతీ నిధి నుండియే అందరికిని ఖర్చు పెట్టరాదా?" యని అప్పుడు ఒకరు సలహా యిచ్చిరి. పెట్టరాదు. ఊరివారు కట్టిన ఇంటి పన్ను మన వినోదమునకు గాదు. ఈ మాటపై మేము ఎక్కువసేపు చర్చింపలేదు, ఇచ్చటను చర్చింపము.

మరి దారి యేమి? మన స్త్రీలు పొదుపు సంఘములలో చాలకాలముగా చేయుచున్న పనినే మేమును చేసితిమి. మామిడి కోత ముగియు జ్యేష్ఠమున మొదలిడి పుష్యము వరకు ఎనిమిది నెలలు, నెలకు నూటయేబది రూపాయల చొప్పున రాగోరు వారందరును ఒకచోట కూడబెట్టిరి. తలకు 1200 అయినది. తోటలో చేతినిండ పనియుండు జ్యేష్ఠమున కొందరు రెండు నెలల సొమ్ము ఒక్కసారియే కట్టిరి. ఈ యేర్పాటులో మొదట మేము నెలకు మూడువందలనుకొంటిమి. దానిని సగమునకు తగ్గించినది ఆ సభ్యురాలే. "ముందు ఎంత కట్టగలమో చూసుకుని, ఆ డబ్బుతో ఎంత దూరం పోగలమో ఆలోచిద్దాం" అని యామె యన్నది. మేమప్పటివరకు లెక్కను తలక్రిందులుగా వేయుచుంటిమి.

ఆ పండ్రెండువందలలో ప్రయాణమును ఇముడ్చుటకు వ్యానును వదలి రైలును పట్టవలసివచ్చెను. మన హనుమాన్ జంక్షన్ నుండి విజయవాడ నలుబది కిలోమీటర్ల లోపే. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రపు స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేకయే ప్రయాణము గలదు. ఆధారు కార్డును మాత్రము మరువరాదు. ఈ సౌకర్యము రాష్ట్రపు ఎల్లవరకే. తెలంగాణలోని ఉచిత ప్రయాణము ఆ రాష్ట్రపు స్త్రీలకే వర్తించును గనుక, హైదరాబాదు నగర బస్సులో మన స్త్రీలు టిక్కెట్టు కొనవలసియుండును. ఈ సంగతి తెలియక కండక్టరుతో వాదమునకు దిగకుండుట మంచిది. ఊరిలోనే నూజివీడు పేరుగల రైల్వే స్టేషనున్నది. ప్యాసింజరు బండి వేళ కుదిరినచో విజయవాడకు అదియు చౌకయే.

విజయవాడలో రాత్రి బండి ఎక్కినచో తెల్లవారుసరికి హైదరాబాదు చేరవచ్చును. మరునాటి రాత్రి బండిలోనే తిరిగి బయలుదేరినచో లాడ్జి ఖర్చు పూర్తిగా తప్పును. సామానును స్టేషనులోని క్లోక్‌రూములో తాళము వేసి అప్పగింపవచ్చును. అయితే రాత్రిపూట జనరలు పెట్టెలో నిలువుకాళ్ళపై పోయి నాలుగు రూకలు మిగుల్చుకొనుటను మేము పొదుపనము. మరునాడు ఎగ్జిబిషనులో కూర్చుండి కునుకుపాట్లు పడుటకు అంతదూరము పోనేల? స్లీపరు టిక్కెట్లు ముందుగా కొనవలయును. 2024 నవంబరు నుండి ప్రయాణ దినమునకు 60 దినములు ముందుగా మాత్రమే రిజర్వేషను లభించుచున్నది. ఒక టిక్కెట్టుపై ఆరుగురికి మించి తీసికొన వీలులేదు. వృద్ధులకుండిన రాయితీ 2020 మార్చిలో తీసివేయబడినది గనుక పెద్దలు దానిని నమ్ముకొని లెక్క వేసికొనరాదు.

ఇక్కడ మరియొక జాగ్రత్త. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినలు ప్రారంభమైన పిదప కొన్ని బండ్లు అచ్చటనే ఆగిపోవుచున్నవి. చర్లపల్లి నగరపు ఒక కొసనున్నది. నాంపల్లి చేరుటకు పది మందికి ఆటోలు మాట్లాడినచో టిక్కెట్టులో మిగిల్చినదంతయు అచ్చటనే పోవును. కావున టిక్కెట్టు కొనునపుడే బండి ఏ స్టేషను వరకు పోవునో చూడుడు. నాంపల్లి స్టేషను వరకు పోవు బండి దొరికినచో అచ్చటినుండి మైదానమునకు నడచియే పోవచ్చును. బస్సులో మహాత్మాగాంధీ బస్ స్టేషనున దిగినవారు మెట్రో ఎక్కి రెండవ స్టేషనైన గాంధీభవనులో దిగినచో మైదానము చెంతనే యుండును.

ఏ దినమున పోవలెను? పండుగ ముందు హైదరాబాదునుండి జనమంతయు మన వైపునకు వత్తురు. పండుగ తరువాత అందరును అటు మరలుదురు. ముందు పోయినవారికి తిరుగు ప్రయాణము కష్టము. కనుమ దాటగనే పోవువారికి పోవుటయే కష్టము. ఆ దినములలో ప్రైవేటు బస్సులవారు అడుగు ధరలు మీరెరుగనివి కావు. ఫిబ్రవరి మొదటి వారమైనచో ఈ త్రొక్కిసలాట సమసియుండును. అదిగాక ముగింపు దగ్గరపడిన కొలది సరకు తిరిగి మోసికొనిపోవుటకు ఇష్టములేని దుకాణదారులు ధర దింపుదురు. శని ఆదివారములను వదలుకొనుడు.

ఎగ్జిబిషను సాధారణముగా సాయంకాలము నాలుగు గంటలకు తెరువబడును. తెల్లవారుజామున దిగిన మనము పగలంతయు ఏమి చేయవలెను? మేము రాజేంద్రనగరుకు పోతిమి. అచ్చట జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ యున్నది. 1958లో ముస్సోరీలో పుట్టి 1965లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ అది. దాని ఆవరణలోని గ్రామీణ సాంకేతిక పార్కులో తక్కువ ఖర్చు ఇండ్లు, మట్టి ఇటుకలు, మరుగుదొడ్లు, చిన్న కుటీర పరిశ్రమలు చూపుదురు. పనిదినములలో, ముందుగా జాబు వ్రాసి పోవలయును. విస్తళ్ళు కుట్టు యంత్రము వద్ద మేమందరము ఫోటోలు తీసికొనుచుండగా, వ్యాను మాట అన్న ఆ సభ్యురాలు ఒక్కతె యంత్రము నడుపుటకు కరెంటెంత యగును, చెడినచో బాగుచేయువారెవరు, ఆకు ఎచ్చటినుండి తెచ్చెదరు అని అడిగి తెలిసికొనెను. మొదటిసారి మేమీ పార్కు ముఖము చూడలేదు. చూచినను ఆ ప్రశ్నలు మాకు తట్టియుండవు.

ఇక మైదానము. 2025లో ప్రవేశ రుసుము 50 రూపాయలు. ఐదేండ్ల లోపు పిల్లలకు లేదు. అసలు ఖర్చు గేటు దాటిన తరువాతనే. రాట్నములకు, పిల్లల రైలుకు, తినుబండారములకు వేరువేరుగా చెల్లింపవలయును. ఫోనుతో చెల్లించునపుడు సొమ్ము పోవుచున్నట్లే తోచదు. కనుక మేము ఒక్కొక్కరము ఒక కవరులో ఆ సాయంకాలపు సొమ్మును నోట్లుగా పెట్టుకొని ఫోనును సంచి అడుగున దాచితిమి. కవరు పలుచబడుట కంటికి కనిపించినపుడు మనస్సు తనంతట తానే వెనుకాడును.

కడుపు నింపుకొని లోనికి పోవుడు. మావారు పులిహోర, పెరుగన్నము, సంక్రాంతికి చేసిన అరిసెలలో మిగిలినవి తెచ్చిరి. పులిహోర మధ్యాహ్నమునకే చెల్లినది. అరిసెలు తిరుగు ప్రయాణము వరకు వచ్చినవి. అట్లని అచ్చటి మిరపకాయ బజ్జీని రుచి చూడరాదని మేమనము. ఇద్దరికొక పొట్లము చాలును.

కొనుగోళ్ళ విషయమున మాకొక నియమము గలదు: మొదటి చుట్టులో ఏదియు కొనరాదు. కాశ్మీరు శాలువలు, అక్రోట్లు, లక్నో కుట్టుపని బట్టలు ఒకేచోట పదుల దుకాణములలో నుండును. మొత్తము చుట్టివచ్చిన పిదప ధర తెలియును. విజయవాడలో దొరకు వస్తువును హైదరాబాదునుండి మోసికొనివచ్చుట వృథా. అన్నిటికంటె అపాయకరమైనవి వంటింటి పరికరములు. అమ్మువాడు చేతివాటముతో క్యారెట్టును పూలుగా తరుగుచుండగా చూచి మొదటిసారి మేము ఆరుగురము ఆరు యంత్రములు కొంటిమి. ఇంటివద్ద అవి దోసకాయను గూడ తరుగలేదు. ఆరును నేటికి అటకలపైననే యున్నవి. కూర మాత్రము పాత కత్తిపీటతోనే సాగుచున్నది.

రెండవసారి మేము పదునలుగురము పోయివచ్చితిమి. అందులో స్త్రీలు ఏడుగురు. తలకు కట్టిన పండ్రెండువందలలో రానుపోను స్లీపరు, నగరములోని బస్సు, మెట్రో, ప్రవేశ రుసుము పోగా, కవరులో పెట్టుకొనుటకు ఒక్కొక్కరికి కొంత మిగిలెను. ఒకాయన ఆ సొమ్మంతయు రాట్నములకే వెచ్చించెను. ఆయనకు డెబ్బదేండ్లు. మేమాయనను వారింపలేదు.

వచ్చు సంవత్సరము చేరదలచిన పంచాయతీలు జ్యేష్ఠములోనే చీటీ మొదలిడుట మంచిది. చీటీ పుస్తకమును సర్పంచివద్ద గాక పొదుపు సంఘములో లెక్కలు వ్రాయ నేర్చిన సభ్యురాలివద్ద ఉంచుడు. ఫిబ్రవరి మొదటి వారపు టిక్కెట్లకు డిసెంబరు మొదటి వారముననే పేర్లు, వయస్సులు సిద్ధముగా నుండవలయును. ఈ సమావేశము ముగిసిన పిదప మేము ఆంజనేయస్వామి గుడి యెదుట నుందుము. మా పాత లెక్కల పుస్తకమును చూడగోరువారు అచ్చటికి రావచ్చును.