రక్తం నుంచి మెదడు దాకా

1936లో డెన్మార్క్ వైద్యులు యెన్స్ బింగ్, ఆక్సెల్ నీల్ ఇద్దరు మహిళల కేసులు ప్రచురించారు. వాళ్ల రక్తంలో గ్లోబులిన్ అనే ప్రోటీన్ విపరీతంగా పెరిగింది, మెదడూ దెబ్బతింది. అదే బింగ్-నీల్ సిండ్రోమ్. దీనికి మూలమైన వాల్డెన్‌స్ట్రామ్ జబ్బును అదే పేరున్న స్వీడన్ వైద్యుడు వివరించింది 1944లో! కొమ్మ ముందు కనబడి, చెట్టు తర్వాత కనబడిందన్నమాట.

వాల్డెన్‌స్ట్రామ్ జబ్బులో ఎముక మజ్జలోని కొన్ని లింఫోసైట్లు అదుపు తప్పి పెరిగి, ఐజీఎం అనే ప్రోటీన్‌ను మితిమీరి తయారుచేస్తాయి. రక్తం చిక్కబడుతుంది. ఈ రోగుల్లో సుమారు నూటికొకరికి ఆ కణాలు మెదడులోకో, వెన్నుపాములోకో, వాటి పొరల్లోకో చొరబడతాయి. అదే బింగ్-నీల్.

దాన్ని గుర్తుపట్టడమే కష్టం. తలనొప్పి, తూలే నడక, మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు... పెద్దవాళ్లలో ఇవి చూసి ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటాం. ఎమ్మారై తీసి, నడుము దగ్గర సూదితో వెన్నునీరు లాగి, అందులో ఆ కణాల కోసం వెతుకుతారు. వాటి ఎమ్‌వైడీ88 జన్యువులో మార్పు దొరికితే అనుమానం బలపడుతుంది.

మందులతోనూ చిక్కే. రక్తంలోని చాలా మందుల్ని మెదడులోకి పోనివ్వని అడ్డు ఒకటుంది. దాన్ని దాటించేందుకు మెథోట్రెక్సేట్ అనే మందును పెద్ద మోతాదులో ఎక్కించడం పాత దారి. నోటితో మింగే ఐబ్రూటినిబ్ ఆ అడ్డు దాటగలదు. దాంతో తేరుకున్నవాళ్లున్నారు. కాకపోతే గుండె లయ తప్పుతుందేమో, రక్తస్రావమవుతుందేమోనని డాక్టర్లు ఓ కన్నేసి ఉంచుతారు.