మన పాటకు ఏ మైకు?



తుర్కయాంజాల్‌లో ఇళ్లు కట్టుకున్నా, తండా పాట ఇంకా మన పెద్దల నోట ఉంది. తీజ్‌కు గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లలు పాడే పాటలు, అత్తారింటికి పోతూ పెళ్లికూతురు ఏడ్చి పాడే ఢావ్లో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలుగు అక్షరాల్లో మాట రాసుకోవచ్చు, గొంతులో జీరను రాయలేం. అందుకే రికార్డింగ్. దానికి ఏ మైకు కొనాలని మీలో చాలామంది అడుగుతున్నారు.

ముందు మా పొరపాటు చెబుతాం. ధర ఎక్కువైతే మంచిదనుకుని కండెన్సర్ మైకు కొన్నాం. సాగర్ రోడ్డు పక్క ఇంట్లో, ఫ్యాన్ కింద ఒక అవ్వతో ఢావ్లో పాడించాం. తర్వాత వింటే లారీ హారన్లు, ఫ్యాన్ రొద, కుక్కర్ విజిల్. వాటి మధ్య ఎక్కడో అవ్వ గొంతు. మళ్లీ పాడిద్దాం అనుకునేలోపే ఆమె మంచాన పడింది. తప్పు మైకుది కాదు. చిన్న చప్పుడును కూడా పట్టడమే దాని పని.

అందుకే మైకును గొంతును బట్టి, గదిని బట్టి ఎంచుకోండి. గది నిశ్శబ్దంగా ఉండి, గొంతు సన్ననిదైతే కండెన్సర్ బాగుంటుంది. దానికి సాధారణంగా ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల కరెంటు అందాలి. యూఎస్‌బీ రకమైతే నేరుగా కంప్యూటర్‌కు పెట్టుకోవచ్చు. రోడ్డు పక్క ఇంటికి, నగారా మోతకు డైనమిక్ మేలు. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఈ రకమే, నేటికీ స్టేజీల మీద కనిపిస్తుంది. కాకపోతే నోటికి దగ్గరగా, జానెడు లోపల ఉంచాలి. బట్టలకు పెట్టే చిన్న క్లిప్పు మైకు కథలు చెప్పించడానికి సుఖం. కానీ మన అవ్వల అద్దాల రవికకు తగిలిస్తే, కథ కంటే వెండి నగల గలగలే ఎక్కువ వినిపిస్తుంది.

ఏది కొన్నా ఒక లెక్క గుర్తుంచుకోండి. మైకును రెట్టింపు దూరం జరిపితే, నేరుగా అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి దగ్గరగా పెట్టండి. కార్డియాయిడ్ రకం మైకు వెనకవైపు శబ్దాన్ని తక్కువగా పడుతుంది, ఆ వీపును కిటికీ వైపు తిప్పండి. ఫ్యాన్ ఆపండి. గోడకు బొంతలు వేలాడదీస్తే గది గింగురుమనడం తగ్గుతుంది. గట్టిగా పాడినప్పుడు కూడా లెవెల్ మైనస్ 12 దగ్గరే ఉండేలా చూసుకుని, వేవ్ ఫైల్‌గా దాచండి.

డబ్బు లేదని ఆగొద్దు. చేతిలో ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టండి. ముందు నిమిషం సేపు పాడించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. పాడినవారి అనుమతి అడగండి. వారి పేరు, తండా, తేదీ ఫైలులోనే మాటగా చెప్పించండి. రెండుచోట్ల కాపీ ఉంచండి.

ఆ అవ్వ పాట మా దగ్గర ఇప్పటికీ హారన్ల మధ్యనే ఉంది. మీ ఇంట్లో అవ్వ ఉంటే, ఈ ఆదివారం ఫ్యాన్ ఆపి ఆమె పక్కన కూర్చోండి.