బిడ్డల మాటలు, వాక్చికిత్స



బిడ్డ పుట్టిన యింట మొదట వినవచ్చునది యేడ్పు. ఆ యేడ్పు మాటగా మాఱుటకు ఇంచుమించు రెండేండ్లు పట్టును. ఆ నడుమ జరుగు పనిని మనము దినదినము చూచుచునే యుందుము గాని గమనింపము; మాట తనంతట తానే వచ్చినట్లు తోచును. అట్లు రాని బిడ్డలు గలరు. వారిని గూర్చియు, వారికి తోడ్పడు వాక్చికిత్సను గూర్చియు నేడు కొంత మనవి చేసెదను. తల్లిదండ్రులకు జెప్పక పెద్దలకేల చెప్పుచున్నావని మీరడుగవచ్చును. పల్లెలలో బిడ్డను వైద్యునికి జూపవలెనా, మఱికొన్నాళ్లు ఆగవలెనా యను తీర్పు తఱచుగా తాతలదియు నవ్వలదియు గదా!

"వీని తండ్రికిని ఆలస్యముగానే మాటలు వచ్చినవి. మగపిల్లలకు మాట తడయును. తొందరయేమి?" ఇది మన యిండ్లలో వినబడు తీర్పు. కొన్ని యెడల నది నిజమే యగును. నిజము కాని యెడల మాత్రము బిడ్డకు జరుగు నష్టము పెద్దది. మెదడు భాషను మిక్కిలి సులువుగా గ్రహించు కాలము మొదటి కొలది యేండ్లే. ఆ కాలమును నిరీక్షణలో గడపినచో, తరువాత అదే ఫలమును బొందుటకు ఎన్నో రెట్లు పాటుపడవలసి యుండును.

సామాన్యముగా ఆఱేడు నెలల బిడ్డ "బబ, మమ, తత" యని పలుకుచుండును. ఏడాది నాటికి పేరు పెట్టి పిలిచిన తిరిగి చూచును; కావలసినదానిని వ్రేలితో జూపును; ఒకటి రెండు మాటల నర్థముతో బలుకును. రెండేండ్లకు "తాత రా", "పాలు కావాలి" యని రెండు మాటలు కూర్చును. మూడేండ్లకు వాని మాట యింటివారికే గాక పొరుగువారికిని చాలవఱకు దెలియును. కొలది నెలల హెచ్చుతగ్గులు సహజములు. కాని పిలిచినను తిరిగి చూడని బిడ్డను, రెండేండ్లు నిండియు రెండు మాటలు కూర్చని బిడ్డను, అన్నిటికన్న ముఖ్యముగా వచ్చిన మాటలు పోగొట్టుకొన్న బిడ్డను, ఆలసింపక చూపవలెను.

చూపినప్పుడు మొదట పరీక్షింపబడునది నోరు కాదు, చెవి. మనము మూగవారని పిలుచు వారిలో పెక్కుమందికి నాలుకయు గొంతును చక్కగనే యుండును. చెవి వినదు గనుక నోరు పలుకదు, అంతియే. పుట్టిన కొలది దినములకే, బిడ్డ నిద్రించుచుండగా, కొన్ని నిమిషములలో వినికిడిని పరీక్షించు యంత్రములు నేడు గలవు. ఆఱు నెలల లోపల లోపమును గుర్తించి సాయము చేసిన బిడ్డలకు, ఆలస్యముగా గుర్తింపబడిన వారికన్న భాష బాగుగ నబ్బునని పరిశోధకులు చూపియున్నారు. చెవి వెనుక దగిలించు యంత్రమైనను, శస్త్రచికిత్స చేసి లోపల నమర్చు యంత్రమైనను శబ్దమును మాత్రమే యియ్యగలదు. ఆ శబ్దములలో ఏది కుక్క మొఱుగో, ఏది అమ్మ పిలుపో నేర్పవలసినది వాక్చికిత్సకులును ఇంటివారును. యంత్రము పెట్టించి యిక మాటలు వచ్చునని కూర్చున్నవారు నిరాశ చెందుదురు. చెవిలో చీము కాఱుచున్న బిడ్డ విషయమునను అశ్రద్ధ తగదు; వాడు సగము విని సగము నేర్చుకొనును.

మన యాచారముల మాట యొకటి చెప్పవలెను. మాటలు త్వరగా వచ్చుటకై పసిబిడ్డ నాలుకపై వసకొమ్ము అరగదీసి రాయుదురు. వదరుబోతును వసపిట్ట యనుట యందుండి వచ్చినదే. వస మాట నిచ్చుట లేదు. పసివారికి వాంతులు గలిగించి కీడు చేయవచ్చును. గ్రహణపు మొఱ్ఱియు నట్టిదే. పెదవి చీలికకు గ్రహణముతో సంబంధము లేదు. గర్భములో తొలి నెలలలో ముఖభాగములు సరిగా నతుకుకొననందున నది కలుగును. పెదవిని కొలది నెలల ప్రాయముననే, అంగిలిని ఏడాది ప్రాంతమున కుట్టి సరిచేయుదురు. అంగిలి కుట్టిన పిమ్మటను కొందఱి మాట ముక్కులోనుండి వచ్చుచుండును. గాలిని నోటిలోనికి మరల్చుట వారికి వాక్చికిత్సకుడు నేర్పును.

ఇంతకును ఈ చికిత్సకుడు చేయు పని యేమి? మందు లేదు, సూది లేదు. వ్యాకరణము చదివిన పెద్దలకు నేను జెప్పబోవునది సులువుగా దెలియును. కవర్గము కంఠమున, తవర్గము దంతముల చెంత పుట్టునని మనము చదువుకొంటిమి. కొందఱు బిడ్డలు ఆ స్థానములను మార్చుకొని కుక్కను "తుత్త" యనియు, కాకిని "తాతి" యనియు అందురు. రెండు మూడేండ్లకు ఇది ముద్దే. అయిదాఱేండ్లకును నిలిచియున్నచో చికిత్సకుడు ఆ బిడ్డకు మొదట రెండు ధ్వనుల భేదమును చెవితో బట్టుట నేర్పును. పిదప నాలుక వెనుకభాగము నెత్తుట చూపును. ఆపైన ఒక్క యక్షరము, ఒక్క మాట, ఒక్క వాక్యము, తుదకు మామూలు సంభాషణ. రకారము మాత్రము అన్నిటికన్న ఆలస్యముగా వచ్చువానిలో నొకటి. నాలుగేండ్లవాడు రాముని "లాముడు" అన్నచో దిగులు వలదు.

మాటలే రాని బిడ్డతో పని వేఱు. చికిత్సకుడు నేలపై గూర్చుండి వానితో నాడును. బిడ్డ బండిని చూచిన "బండి" యనును; బిడ్డ "బండి" యన్నచో "ఎఱ్ఱ బండి పోయింది" యని యొక మెట్టు పెంచి యనును. అడిగిన పిదప పది లెక్కించునంత సేపు నోరు మూసికొని వేచియుండును. ఈ వేచియుండుటయే మన కన్నిటికన్న కష్టము! నోట మాట రానివారికి బొమ్మల చీట్లు చూపి కోరినది తెలుపుట నేర్పుదురు. చీట్లకు అలవాటుపడి మాట్లాడుట మానునేమో యని పెద్దలు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదు. సెల్లుఫోను సంగతి వేఱు. అది పాడును, పలుకును, కాని బిడ్డ పలికినదానికి బదులు చెప్పదు. మాట బదులు చెప్పువారి వలననే వచ్చును.

నత్తి సాధారణముగా రెండేండ్లకును ఐదేండ్లకును నడుమ మొదలగును. పెక్కుమందికి దానంతట నదియే పోవును; పెద్దవారిలో నూటికొకరికి మిగులును. బెదరించుట, వెక్కిరించుట, వాక్యమును మనమే పూర్తి చేయుట, ఈ మూడును మానవలెను. ఆంగ్లదేశపు ఆఱవ జార్జి రాజునకు చిన్ననాటి నుండి నత్తి యుండెను. 1926 లో లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశస్థుని యొద్ద నభ్యాసము మొదలిడెను. ఆ లోగ్ వైద్యుడు కాడు. మొదటి ప్రపంచ యుద్ధమున దెబ్బతిని మాట తడబడిన సైనికులకు తోడ్పడి యనుభవము గడించినవాడు. 1939 సెప్టెంబరు 3 న, యుద్ధము ప్రకటింపబడిన దినమున, రాజు రేడియోలో ప్రజలనుద్దేశించి మాటలాడెను. నత్తి పూర్తిగా పోలేదు. నత్తితోనే పని నెఱవేర్చుట అతడు నేర్చుకొనెను.

చదువు మాటకు వచ్చెదను. "పుస్తకము తీసి, పదవ పుటలోని మూడవ లెక్కను పలకమీద వ్రాయుడు" అని గురువు చెప్పును. భాష గ్రహించుటలో వెనుకబడిన బిడ్డ పుస్తకము తీసి, తక్కినది తెలియక ప్రక్కవానిని చూచును. వానికి మొద్దు అని పేరు వచ్చును, వెనుక దెబ్బలును వచ్చును. మాటకు మాట విడదీసి చెప్పిన నదే బిడ్డ చేయగలడు. చదువుట యనగా వినబడు మాటను అక్షరములలో గుర్తుపట్టుటయే గనుక, మాటలోని ధ్వనులు చెవిలో కలగాపులగముగా నున్న బిడ్డకు గుణింతములును ఒత్తులును కొండలగును. చికిత్సకుడు గురువుతో గలసి చప్పట్లతో అక్షరములు లెక్కించుట వంటి యాటలు పెట్టి యా చిక్కు విప్పును.

ఇంట కోయయో, గోండియో, లంబాడియో మాటలాడి తెలుగు బడికి వచ్చిన బిడ్డ మౌనముగా నున్నచో అది రోగము గాదు. ఇంటి భాషలో వాడెట్లు మాటలాడునో మొదట విచారింపవలెను. రెండు భాషల వలన నత్తి వచ్చుననుటయు, ఇంగ్లీషు బడికొఱకు ఇంట తెలుగు మానుడనుటయు నవివేకము.

ఈ విద్యను గఱపుటకు 1965 లో మైసూరున అఖిల భారత సంస్థ వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిన అలీ యావర్ జంగ్ పేర 1983 లో బొంబాయిలో నేర్పడిన జాతీయ సంస్థకు సికిందరాబాదులో శాఖ గలదు. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్వాడీలకును బడులకును వచ్చి బిడ్డలను పరీక్షించి, లోపమున్నవారిని జిల్లా కేంద్రమునకు పంపును. 2016 నాటి శాసనము వాక్కు, భాషల లోపమును వైకల్యములలో జేర్చినది. అయినను పల్లెలకు చేరువలో చికిత్సకులు మిక్కిలి తక్కువ. నెలకొకసారి పోయి, నేర్పిన దానిని ఇంట దినమునకు పావుగంట చొప్పున చేయించుటయే పెక్కుమందికి సాధ్యమగు మార్గము. ఆ పావుగంటకు ఇంట తీరికగల మనిషి తాతయో అవ్వయో.

బిడ్డను దీసికొని పోవునపుడు వాడు పలుకు మాటలన్నియు, ఏ నెలలో ఏది మొదలైనదో, జ్ఞప్తికి వచ్చినంతవఱకు ఒక కాగితముపై వ్రాసికొని పొండు. చెవి నొప్పి, మూర్ఛ, కాన్పు నాటి కష్టము, ఇంటిలో మఱెవరికైన నట్టి లోపమున్నచో ఆ సంగతియు దాచవలదు. వాడు ఇంట నాడుకొనుచు బలుకు నాలుగు మాటలను సెల్లుఫోనులో బట్టి చూపిన నింకను మేలు. క్రొత్తచోట బిడ్డ నోరు విప్పకపోవచ్చును.