కెరెరూ మోసే అడవి

న్యూజిలాండ్‌లో మన హెండర్సన్ పుట్టిందే కలప మిల్లు పక్కన. 19వ శతాబ్దంలో థామస్ హెండర్సన్ భాగస్వామిగా నడిచిన ఆ మిల్లు కోసం చుట్టుపక్కల కౌరి మానులు నేలకూలాయి. ఇవాళ వైటాకెరె కొండల మీద మనం చూసే పచ్చదనంలో చాలా భాగం ఆ తర్వాత మళ్లీ మొలిచిందే.

అడవి మళ్లీ మొలవాలంటే గింజ కదలాలి. కౌరి గింజకు రెక్క ఉంది, గాలి మోస్తుంది. టరైరె, కరాక చెట్లకు ఆ వసతి లేదు. వాటి పండు మింగే నోరు కావాలి. ఆ నోరు కెరెరూది. తెల్లటి రొమ్ము, ఆకుపచ్చగా మెరిసే మెడ, దాదాపు 650 గ్రాముల బరువు ఉండే ఈ దేశపు అడవి పావురం. మోవా పక్షులు అంతరించాక అంత లావు పండును మింగి దూరం మోయగలిగేది దాదాపుగా ఇదొక్కటే. గుజ్జు దాని కడుపులో కరుగుతుంది, గింజ చెక్కుచెదరదు. గంటో రెండు గంటలో గడిచాక ఇంకో చెట్టు మీద వాలి రెట్టలో వదిలేస్తుంది. తల్లి చెట్టు కిందే రాలిన పండుకు ఈ అదృష్టం లేదు. గుజ్జు వదలక చాలా గింజలు మొలవవు, మొలిచినా నీడలో గిడసబారిపోతాయి. ఇండియాలో మన ఊళ్లలో గోడ పగుళ్లలో రావిమొక్క లేచేదీ పిట్ట రెట్టలోంచే కదా!

అయితే వాలడానికి కొమ్మ లేని బోడి నేల మీదికి పిట్ట రాదు. అందుకే తొలి మొక్కలు మనిషే నాటాలి. టిరిటిరి మటంగి దీవిలో 1984 నుంచి పదేళ్లపాటు స్వచ్ఛంద సేవకులు రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటారు. మన ఓపనుకు, ఒరాటియా వాగుల గట్ల మీద 2003లో ట్విన్ స్ట్రీమ్స్ పేరుతో నాటడం మొదలైంది. నాటిన కొమ్మ మీద వాలిన పిట్ట ఎక్కడో తిన్నది ఇక్కడ వదులుతుంది. మనం తేని రకాలు కూడా అలా వచ్చి చేరతాయి.

కెరెరూ గూటికి ఒక్కటే గుడ్డు. ఎలుకలు, పోసమ్‌లు, స్టోట్‌లు దాన్ని కాజేస్తాయి. వైటాకెరె కొండల్లో ఆర్క్ ఇన్ ది పార్క్ అనే సంరక్షణ బృందం వాళ్లు ఏళ్ల తరబడి ఎరలు, ఉచ్చులు పెడుతున్నది అందుకే. పెరట్లో ఒక్క ఎలుకబోను పెట్టినా మేలే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఏ గింజ మంచిదో పిట్టకు తెలియదు. హిమాలయాల నుంచి వచ్చిన అడవి అల్లం పసుప్పచ్చటి పూలతో ఘుమఘుమలాడుతుంది. దాని ఎర్రటి గింజల్ని పిట్టలు కొండల్లోకి చేరవేస్తాయి. అక్కడ దుంపలు చాపలా అల్లుకుని చిన్న మొక్కల్ని లేవనివ్వవు. మీ పెరట్లో ఉంటే గింజ కట్టకముందే పూలగెలలు కోసి, దుంపలు తవ్వి తీయండి. ఆ ముక్కలు కంపోస్టులో వేయకండి, అక్కడే మళ్లీ లేస్తాయి. ఆ ఖాళీలో కరమూ మొక్క నాటండి, చలికాలం మంచి అదను. దాని నారింజరంగు కాయలకు టౌహౌ పిట్టలు వాటంతటవే వస్తాయి.